హైదరాబాద్ మాటలు, పేటల పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాటల పుట్టుక అంటే నాకు పిచ్చి అని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, ఆఫీసు వాళ్ళు, అపార్ట్‌మెంట్ గ్రూపు వాళ్ళు అందరూ అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. వరుస అంటూ ఏమీ లేదు, గొడవ ఎక్కువయ్యే ప్రశ్న ముందు పెట్టా, అంతే.

మీ హైదరాబాద్ తెలుగులో సగం ఉర్దూనే కదా, అసలైన తెలుగు కోస్తాలోనే కదా ఉండేది?

సంక్రాంతికి గోదావరి వైపు అత్తగారింటికి పోయిన ప్రతి హైదరాబాద్ అల్లుడికీ ఈ ప్రశ్న ఎదురవుతది. ఉర్దూ కలిసింది, అందులో దాచేదేముంది, దవాఖాన, సడక్, దావత్, జల్ది, పరేషాన్, ఇజ్జత్ అని రోజూ అంటూనే ఉంటాం. కానీ "అసలైన తెలుగు" అన్నారు చూడండి, అందులో "అసలు" అరబ్బీ. "ఫర్వాలేదు లెండి" అంటారు, పర్వా ఫార్సీ, లేదు మాత్రం మనది. మామూలు, తయారు, ఖాళీ, కబురు, తారీఖు, జవాబు, హామీ, జాబితా, రాజీనామా, సరిహద్దు, ఇవన్నీ అటు నుంచి వచ్చినవే, ఇవి లేకుండా విజయవాడలో పేపర్ ఒక్క రోజు కూడా రాదు. వారసుడు అయితే ఇంకా గడుసుది, వారిస్ అనే అరబ్బీ మాట చివర "డు" తగిలించుకుని రాముడు, భీముడు పక్కన కూర్చుంది, ఎవరికీ అనుమానం రాదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది రైతు. మట్టి వాసన వచ్చే ఈ మాట అరబ్బీ రఇయ్యత్ నుంచి వచ్చింది. అక్కడ ముందు మేత మేసే మంద అని అర్థం, తర్వాత ఏలే వాడి కింద ఉండే జనం అని, మన దగ్గరికి వచ్చేసరికి భూమి శిస్తు కట్టే జనం, చివరికి సాగు చేసేవాడు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పన్నులు, భూమి లెక్కలు, కోర్టు వ్యవహారం వందల ఏళ్ళు ఫార్సీలో నడిచాయి, అది ఒక్క తెలంగాణలోనే కాదు. కోస్తా జిల్లాలు ఉత్తర సర్కారుల పేరుతో నిజాం కిందే ఉండి 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి, కంపెనీ వాళ్ళు కూడా జిల్లా, తాలూకా, తహసీల్దారు అన్న పేర్లు మార్చకుండా అట్లనే వాడుకున్నారు. ఇక్కడ 1948 దాకా ఉర్దూ సర్కారు భాషగా ఉంది కాబట్టి ఇంకో పొర వచ్చి పడింది. అంటే తేడా మోతాదులోనే, జాతిలో కాదు.

ఐతారం, బేస్తారం అంటే స్కూల్లో మా పాపని ఎగతాళి చేస్తున్నారు. అవి తప్పు మాటలా?

కాదు. ఐతారం అంటే ఆదిత్యవారం, నోట్లో నలిగి నలిగి ఐతారం అయింది. బేస్తారం అంటే బృహస్పతివారం. గురువారం అన్నా అదే గ్రహం, వేరే పేరు. పాపకి ఈ రెండు ముక్కలు నేర్పి పంపండి, టీచర్‌కి కూడా చెప్తది.

పేటల పేర్లలో మీకు బాగా నచ్చినవి ఏవి?

ఇది అడిగితే నేను ఆగను, ముందే చెప్తున్నా.

ముందు ఏసీ గార్డ్స్. మాసాబ్ ట్యాంక్ పక్కన ఉంటది, బయటి ఊరి వాళ్ళు అక్కడ ఏసీలు రిపేర్ చేస్తారేమో అనుకుంటారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం దగ్గర ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం ఉండేది, వాళ్ళ నివాసాలు అక్కడ. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ బస్తీలో ఉన్నారు. అట్లనే పాతబస్తీ అవతల బార్కస్, అది ఇంగ్లీషు బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు ఉండే చోటు, ఈ రోజుకీ అక్కడ లుంగీ కట్టు, తిండి వేరేగా ఉంటాయి, మండీ తినడానికి ఊరంతా అటే పోతది.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో దిగే వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ ఆ పేరులో ఉన్నది ఒక ఫ్రెంచి ఆయన. మిషెల్ రేమో అని నిజాం సైన్యంలో పెద్ద దళం నడిపిన అధికారి, 1798లో చనిపోయాడు. ఫ్రెంచి వాళ్ళు రేమో గారు అనడానికి మొస్యో రేమో అంటారు కదా, అది ఇక్కడి జనం నోట్లో పడి హిందువులకి మూసా రామ్ అయింది, ముస్లింలకి మూసా రహీమ్ అయింది. ఆయన తోట మూసారాంబాగ్. సమాధి మలక్‌పేట దగ్గర అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది, పేరు పలకడం రాకపోయినా చాలా ఏళ్ళు జనం అక్కడ దీపం పెట్టారు.

ఆబిడ్స్ కూడా మనిషి పేరే. ఆల్బర్ట్ ఆబిద్ అని ఆర్మీనియా మూలాలున్న వ్యాపారి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆయన బట్టలూ అవీ చూసుకునే కొలువు చేసి తర్వాత అక్కడ పెద్ద షాపు పెట్టాడు. షాపు ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. కోఠి అంటే పెద్ద బంగళా, అంటే బ్రిటిష్ రెసిడెన్సీ, నిజాం దగ్గర ఉండే ఇంగ్లీషు ప్రతినిధి కిర్క్‌ప్యాట్రిక్ కట్టించింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోటు. మాసాబ్ ట్యాంక్‌లో మాసాబ్ అంటే మా సాహెబా, రాజవంశపు అమ్మగారు. హయత్‌నగర్ కూడా అట్లనే, హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. లక్డీకాపూల్‌లో చెక్క వంతెన ఇప్పుడు లేదు, ఉన్నదంతా ట్రాఫిక్.

పేరు చివర చూస్తే కొంచెం చరిత్ర దొరుకుతది. పల్లి, గూడ, గుట్ట, చెరువు వస్తే పాత ఊరు, నగరం పెరిగి దాన్ని మింగేసింది. బాగ్, గంజ్, బాద్ వస్తే ఫార్సీ వైపు. హిల్స్, కాలనీ, ఎన్‌క్లేవ్ వస్తే రియల్ ఎస్టేట్.

సికింద్రాబాద్‌కీ అలెగ్జాండర్‌కీ సంబంధం ఉందని విన్నా, నిజమేనా?

సగం నిజం. ఊరికి పేరు వచ్చింది మూడో నిజాం సికందర్ జా వల్ల, 1806లో. కానీ సికందర్ అనేదే అలెగ్జాండర్ పేరుకి ఫార్సీ రూపం. కాబట్టి ప్యారడైజ్ దగ్గర నిలబడి అలెగ్జాండర్ పేరున్న ఊళ్ళో బిర్యానీ తింటున్నా అనుకుంటే తప్పేం లేదు. ఆయన మాత్రం ఇటు రాలేదు.

ఉర్దూ మన తెలుగు మీద పడింది సరే, తెలుగు ఉర్దూ మీద ఏమైనా పడిందా?

పడింది, అదీ మాటల్లో కన్నా వాక్యం కట్టడంలో. హైదరాబాద్ ఉర్దూ అంటే దక్నీ, లక్నో వాళ్ళు వింటే చెవులు మూసుకుంటారు. "నక్కో" అంటే వద్దు, మరాఠీ నుంచి వచ్చింది, అది అందరికీ తెలుసు. తక్కువ మంది పట్టించుకునేది "బోల్‌కే". మనం "రేపొస్తా అని చెప్పిండు" అంటాం కదా, పాతబస్తీలో "కల్ ఆతూఁ బోల్‌కే బోలా" అంటారు. ఉత్తరాదిలో అయితే "ఉస్నే కహా కి" అని ముందు చెప్పి తర్వాత విషయం చెప్తారు. మన "అని" ఎక్కడ కూర్చుంటదో సరిగ్గా అక్కడే "బోల్‌కే" కూర్చుంది, ద్రావిడ భాషల పద్ధతి అది. మాట వాళ్ళది, కుదురు మనది.

ఇంకోటి "పర్సోం". పుస్తకంలో మొన్న అనే అర్థం, హైదరాబాదీ మాత్రం పోయిన ఏడాది పెళ్ళికి కూడా పర్సోం అంటాడు. మనం "మొన్నే కదా ఇల్లు కట్టింది" అని నాలుగేళ్ళ కింద కట్టిన ఇంటి గురించి అనమా, అట్లనే.

గోల్కొండ నవాబులకి తెలుగు వచ్చా?

బాగా వచ్చు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా గద్దె ఎక్కకముందు తన అన్నకి భయపడి విజయనగరం పోయి అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు, తెలుగు మీద ఇష్టంతో తిరిగొచ్చాడు, 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయన పేరుని మల్కిభరాముడు అని మార్చి పద్యాల్లో కూర్చుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడు. కుతుబ్‌షాహీ ఫర్మానాలు కొన్ని ఒకే కాగితం మీద ఫార్సీలోనూ తెలుగులోనూ ఉంటాయి.

దీనికన్నా తమాషా సంగతి పటాన్‌చెరుది. సంస్కృత మాట ఒక్కటి కూడా రానివ్వకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం యయాతి చరిత్ర, రాసింది పొన్నిగంటి తెలగన. అంకితం తీసుకున్నది ఎవరంటే అమీన్ ఖాన్, పొట్లచెరువులో ఉన్న గోల్కొండ అమీరు. పొట్లచెరువే ఈనాటి పటాన్‌చెరు. ఇప్పుడు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు తిరిగే చోట ఒకప్పుడు ఒక ముస్లిం అమీరు కొలువులో అచ్చ తెలుగు పద్యాలు చదివారు. స్వచ్ఛమైన తెలుగు గురించి వాదన వచ్చినప్పుడు నేను ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటా.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందా?

లేదు. సంస్కృతం మాటలు బోలెడు తీసుకుంది, పుట్టింది మాత్రం ద్రావిడ కుటుంబంలో. ఈ సంగతి 1816లోనే ఎల్లిస్ అనే మద్రాసు అధికారి క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ధాతువులు, మాటలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది, పేరు ఆయనకి ఎక్కువ వచ్చింది.

అందరూ తెలుగుకి అక్కచెల్లెళ్ళు తమిళం, కన్నడం అనుకుంటారు. లిపి చూస్తే కన్నడం, కానీ లిపి వేరు భాష వేరు. భాషా శాస్త్రం లెక్కలో తెలుగుకి దగ్గరి చుట్టాలు గోండి, కొండ, కూయి, కువి. మన ఆదిలాబాద్ గోండుల లెక్క వినండి: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. రెండు, మూడు, నాలుగు వినిపించాయా లేదా? తమిళంలో ఇరండు అంటే మనకి రెండు, అక్కడ ఉరల్ మనకి రోలు. మాట ముందున్న అచ్చుని వెనక్కి జరిపే అలవాటు మనకి ఉంది, గోండి వైపు భాషలకీ ఉంది. టీవీలో భాషాభిమానం మీద గంటలు గంటలు మాట్లాడతారు గానీ గోండి గురించి ఒక్క ముక్క రాదు, అదే నాకు చిరాకు.

తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నది ఎవరు?

నికోలో కాంటీ అనే వెనీసు యాత్రికుడి పేరు మీద చెప్తుంటారు, 15వ శతాబ్దం వాడు. పొగడ్త బాగుంది, కానీ ఇటాలియన్ లాగా మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి అన్నది గ్రాంథికంలోనే పూర్తి నిజం. పుస్తకము అని రాసినప్పుడు సరే, నోటితో పుస్తకం అనగానే చివర మకారం ఆగుతది. బస్సు, కారు, ఫోను, రోడ్డు అని ఇంగ్లీషు మాటలకి ఉకారం తగిలించింది పాత తరం, ఇప్పటి పిల్లలు బస్, ఫోన్ అని హల్లు మీదే ఆపేస్తున్నారు. ఇంకో వంద ఏళ్ళకి ఆ యాత్రికుడి పేరు చెప్పుకోవడం కష్టమే.

దేశభాషలందు తెలుగు లెస్స అన్నది కృష్ణదేవరాయలే కదా?

ఆముక్తమాల్యదలో ఉంది, నిజమే. కానీ అంతకన్నా ముందే వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో అదే పాదం ఉంది, ఆ కథ జరిగేది ఓరుగల్లు వీధుల్లో.

మనకి తెలియకుండా ఏ ఏ దేశాల మాటలు వాడుతున్నాం?

పొద్దున రెడీ అయ్యేటప్పుడే లెక్క పెట్టుకోవచ్చు. సబ్బు, తువ్వాలు, ఇస్త్రీ, బొత్తాం, నాలుగూ పోర్చుగీసు వాళ్ళ వల్ల వచ్చినవి. అలమారా కూడా అంతే, బీరువా మాత్రం ఫ్రెంచి బ్యూరో. ఇల్లు కట్టే మేస్త్రీ, పిల్లల్ని చూసే ఆయా, చర్చి పాదిరి, నీళ్ళ పీపా, అనాస పండు, మళ్ళీ పోర్చుగీసే. మా తాతల కాలంలో కక్కసు అనేవాళ్ళు కదా, అది డచ్చి మాట, వాళ్ళు 1605 నుంచి మచిలీపట్నంలో వ్యాపారం చేశారు, అన్ని వందల ఏళ్ళ వ్యాపారానికి గుర్తుగా మనకి మిగిల్చింది ఇది. కుర్చీ, కలం అరబ్బీ నుంచి వచ్చాయి, ఆ కలం అరబ్బీలోకి గ్రీకు నుంచి వచ్చింది.

మిరపకాయ లేని ఆంధ్రా వంట ఊహించగలమా?

ఊహించక్కర్లేదు, ఉండేది. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండంలో, పోర్చుగీసు ఓడల్లో ఇండియాకి వచ్చింది 16వ శతాబ్దంలో. అంతకు ముందు కారం అంటే మిరియమే. కొత్త కాయ కూడా మిరియంలా మండుతోందని మిరియపు కాయ అన్నారు, అదే మిరపకాయ అయింది. అంటే నన్నయ, తిక్కన ఎర్రటి ఆవకాయ ముఖం చూడలేదు. ఆవకాయ అన్న పేరు మాత్రం భద్రం, ఆవ ఇక్కడిదే.

టమాటా, ఆలుగడ్డ, పల్లీలు, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ ఆ ఖండం నుంచే. సీతాఫలం అంటే కొంతమందికి కోపం వస్తది, సీతమ్మ పేరున్న పండు విదేశీ ఎట్లా అని. పాలమూరు బాలానగర్ సీతాఫలం బండ్లు దసరా అప్పుడు రోడ్డు మీదికి వస్తే నేనూ అది మన మట్టి పండే అంటా, కానీ చెట్టు వచ్చిన దారి అది. పేరు ముందు "సీమ" ఉంటే మాత్రం పాతవాళ్ళే నిజాయితీగా చెప్పేశారన్నమాట, సీమ అంటే బయటి దేశం, సీమచింత మెక్సికో వైపుది.

చాయ్ కరెక్టా, టీ కరెక్టా?

రెండూ చైనా మాటలే. భూమి మీది దారిలో వచ్చిన చోట చా, చాయ్ అయింది, ఫూజియెన్ రేవు నుంచి డచ్చి ఓడలెక్కిన చోట తే, టీ అయింది. ఇరానీ హోటల్‌లో ఒక మాట, విజయవాడ బస్టాండ్‌లో ఇంకో మాట. తేనీరు అని ఎవరో పండితులు "తే"కి నీరు కలిపి చేశారు, తేనె గుర్తొచ్చేలా ఉంటది, కానీ హోటల్‌లో అడిగితే పిల్లాడు మంచినీళ్ళు తెచ్చి పెడతాడు.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాట ఒక్కటైనా ఉందా?

ఉంది, పందికొక్కు. గొప్పగా చెప్పుకునేది కాదు గానీ బాగా తెలిసింది అదే. బ్యాండికూట్ అని ఇంగ్లీషు డిక్షనరీలోకి ఎక్కింది, తర్వాత ఆస్ట్రేలియాలో కడుపు సంచి ఉండే ఒక చిన్న జంతువుకి కూడా ఆ పేరే పెట్టేశారు, దానికీ మన కొక్కుకీ చుట్టరికమే లేదు. గోల్కొండ కూడా ఇంగ్లీషులో మామూలు నామవాచకం అయింది, అంతులేని సంపద ఉన్న చోటు అని అర్థం. అమెరికాలో ఇల్లినాయ్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి గోల్కొండ అనే ఊళ్ళున్నాయి. గోల్కొండలో గనులు లేవండీ, వజ్రాలు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్వి ఇక్కడ అమ్మేవాళ్ళు.

ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని ఆపేసిందంట?

2018 ఫిబ్రవరిలో. "జ్ఞా" మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు కలిస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్ మూతపడిపోయేది, ఆ అక్షరాన్ని ఎట్లా గీయాలో ఫోన్‌కి అర్థం కాక. ఆపిల్ కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ 11.2.6తో సరిచేసింది. జ్ఞానం అని రాయడానికి మనకే కష్టం, పాపం ఫోన్ ఏం చేస్తది.

హైదరాబాద్ దగ్గర పాత తెలుగు రాత ఏదైనా చూడొచ్చా?

కీసరగుట్ట పోండి. అక్కడ ఒక బండ మీద "తొలుచువాండ్రు" అన్న మాట పాత లిపిలో చెక్కి ఉంది, విష్ణుకుండిన రాజుల కాలం నాటిది అంటారు. రాళ్ళు తొలిచే వాళ్ళు అని అర్థం. రాజుల బిరుదులు కాదు, పని చేసిన వాళ్ళ మాట.

నిజాం కాలంలో తెలుగుని నిజంగానే తొక్కేశారా?

1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది, ఇంగ్లీషు కాకుండా దేశ భాషలో పైచదువు అనేది గొప్ప ప్రయోగమే, దానికోసం తర్జుమా శాఖ పెట్టి సైన్సు మాటలు కూడా తయారు చేశారు. కానీ రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడే తెలుగుకి ఆ చోటు లేదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది, అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు జనం బుద్ధిగా విన్నారు, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే తెలుగు వాళ్ళ కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. గోల చేసిన వాళ్ళు సర్కారు మనుషులు కాదు, సభకొచ్చిన చదువుకున్న జనం, అది గమనించాలి.

తర్వాత తెలంగాణలో కవులే లేరు అని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోకుండా 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు, 354 మంది కవుల పద్యాలతో. అంతకు ముందే 1901 నుంచి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం నడుస్తోంది, ఇప్పటికీ ఉంది, సుల్తాన్ బజార్ వైపు పోయినప్పుడు లోపలికి పోయి చూడండి.

ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో నేనే చూసుకోవాలంటే ఎట్లా?

సీపీ బ్రౌన్ 1852 నిఘంటువు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. మాట పక్కనే సంస్కృతమా, హిందుస్తానీయా అని గుర్తు వేశాడు. పుస్తకం అని కొడితే రాకపోతే పుస్తకము అని కొట్టండి, పాత రూపాలే దొరుకుతాయి.